మా అక్క నవ్వుకు కార్డు కొన్న వారం

మా అమ్మాయి హైదరాబాదులో నర్సు. 2008 వేసవిలో తాను కొత్త కెమెరా కొనుక్కుని, పాతది ఏలూరు వచ్చేవాళ్లెవరో ఉంటే వాళ్ల చేతికిచ్చి నాకు పంపింది. డిజిటల్ కెమెరా. పాత చున్నీ ముక్కలో చుట్టి ఉంది. పెట్టె లేదు, ఎలా వాడాలో చెప్పే పుస్తకం లేదు. మెమరీ కార్డు కూడా లేదు. అది తీసి కొత్తదాంట్లో వేసుకుందట.

"లోపల దానికే కొంచెం మెమరీ ఉంటుంది నాన్నా. ఏడెనిమిది ఫోటోలు పడతాయి. తరవాత కార్డు నువ్వే కొనుక్కో" అంది ఫోనులో.

"ఏ కార్డు కొనాలమ్మా?"

"షాపులో అడిగితే ఇస్తారు. అన్నీ ఒకటే."

అన్నీ ఒకటే అనే మాట మీద నాకు మొదటినుంచీ నమ్మకం తక్కువ. నేను ఇరిగేషను శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి రిటైరైనవాణ్ణి. కాలవల మీద కట్టే వంతెనలకీ తూములకీ ప్లాన్లు గీయడం నా పని. కొలతలు చూడకుండా గీత గీస్తే అక్కడ నీళ్లు నిలబడిపోతాయి. రోజూ డైరీ రాసే అలవాటు కూడా ఆ ఉద్యోగంలోనే పట్టుకుంది. ఆ రోజు డైరీలో "కెమెరా అందినది. పుస్తకం లేదు. కార్డు చూడవలెను" అని ఉంది.

పుస్తకం లేని వస్తువు కాబట్టి ఒక్కొక్క మీటా నొక్కి చూసి, ఏది నొక్కితే ఏమవుతుందో కాగితం మీద రాసుకున్నాను. పెరట్లో మల్లెపొదని ఒకటి తీశాను. కుళాయి దగ్గర మా ఆవిణ్ణి ఒకటి తీశాను. అక్షరాలు స్పష్టంగా వస్తాయో రావో చూద్దామని గోడ మీద క్యాలెండరుని రెండు తీశాను.

"క్యాలెండరు ఎదురుగా ఉందిగా. మళ్లీ దానికి ఫోటో దేనికండీ?" అంది మా ఆవిడ. మరో మూడు తీశానో లేదో, మెమరీ నిండిపోయిందని తెర మీద ఇంగ్లీషులో పడింది.

ఆ వారంలోనే మా అక్క మా ఇంటికి వచ్చింది.

అక్క నాకన్నా ఆరేళ్లు పెద్ద. కొల్లేటి ఒడ్డున ఒక లంక గ్రామంలో ఉంటుంది. బావ చేపల చెరువుల మీద కాపలా పని చేసేవాడు. ఆయన పోయి చాలాకాలమైంది. మిషన్ వాళ్ల కాలంలో కట్టిన చిన్న చర్చి ఒకటి ఆ ఊళ్లో ఉంది. అందులో ఆడవాళ్లకీ పిల్లలకీ వాక్యం చెప్పడం అక్క పని. వర్షాకాలంలో దోనె ఎక్కి పక్క లంకలకి కూడా వెళ్లేది. వలలు బాగుచేసుకునే ఆడవాళ్ల మధ్య కూర్చుని, తనూ ఒక కొస పట్టుకుని, కథలాగా చెప్పేది. మధ్యమధ్య నవ్వించేది. అన్నిటికన్నా ముందు తనే నవ్వేది. అక్క నవ్వు ఒక పద్ధతిలో వచ్చేది. ముందు భుజాలు కదిలేవి. తరవాత కింది దవడ ఎడమవైపుకి కొంచెం జారేది. ఆ తరవాత వక్కతో ఎర్రబడ్డ పళ్లన్నీ బయటపడేవి. చప్పుడు అన్నిటికన్నా ఆఖర్న వచ్చేది.

ఆ ఎడమ దవడ లోపలే పుండు వచ్చింది. మానలేదు. ఏలూరులో ముక్క తీసి పరీక్షకి పంపారు. బెజవాడ ఆసుపత్రిలో పెద్ద డాక్టరు చూసి, ఆ వైపు దవడ ఎముక కొంత తీసేస్తే ప్రాణానికి భయం లేదని చెప్పాడు. సోమవారం వచ్చి చేరమన్నాడు. అప్పటిదాకా మా ఇంట్లో ఉండమని నేనే తీసుకొచ్చాను.

గురువారం సాయంత్రం వరండాలో కూర్చుని మా ఆవిడతో పాటు గోరుచిక్కుళ్లు తుంపుతూ, ఉన్నట్టుండి నన్ను పిలిచింది.

"ఒరేయ్ తమ్ముడూ, నీ కెమెరా పనిచేస్తోందా?"

"చేస్తోంది."

"అయితే నాకో ఫోటో తియ్యి. సోమవారం లోపల. ఈ మూతి ఉండగానే."

"అవేం మాటలు వదినగారూ" అంది మా ఆవిడ.

"నిజమే కదమ్మా. ఆయన బొమ్మ గీసి మరీ చూపించాడు, ఇటువైపు లోపలికి పోతుందని." అక్క చిక్కుడుకాయ తుంపడం ఆపలేదు. "గూడెంలో పిల్లకి ఇంకా ఏడాది నిండలేదు. దానికి ఊహ తెలిసేసరికి నేను వేరే మొహంతో ఉంటాను. నన్ను చూసి భయపడి దగ్గరికి రాదేమోరా. అప్పుడు దానికి చూపించడానికి ఏదైనా ఉండాలి కదా, ఇదిగో ఇదే మీ అమ్మమ్మ అసలు మొహం అని. నవ్వుతుండగా తియ్యి."

గూడెం అంటే తాడేపల్లిగూడెం. అక్క కూతురు అక్కడ కాపురం ఉంటోంది. దానికి పెళ్లైన చాలా ఏళ్లకి పుట్టిన ఆడపిల్ల గురించి అక్క మాట్లాడుతోంది.

నేను లోపలికి వెళ్లి మా పాత ఆల్బములు తెచ్చాను. నవ్వే ఫోటో ఒక్కటైనా దొరుకుతుందేమోనని ముగ్గురం వెతికాం. పెళ్లిళ్లలో, బాప్తిస్మాల్లో, చర్చి మెట్ల మీద గుంపుల్లో అక్క చాలాచోట్ల ఉంది. అన్నిట్లోనూ పెదవులు బిగించి, గుడ్లు పెద్దవి చేసుకుని ఉంది. మా కాలంలో స్టూడియో ఆయన నల్లగుడ్డ కింద తల పెట్టి "కదలకండి, నవ్వకండి" అనేవాడు. ఆ తరవాత గుడ్డ పోయినా జనానికి భయం పోలేదు.

"చూడు, అన్నిట్లోనూ దొంగతనం కేసులో పట్టుకొచ్చినట్టే ఉన్నాను" అంది అక్క.

మర్నాడు పొద్దున్న నీరెండలో అక్కని పెరట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టాను. క్యాలెండరునీ మల్లెపొదనీ చెరిపేసి చోటు చేశాను. ఎదురుగా నిలబడి కెమెరా కంటికి ఆనించేసరికి అక్క మొహం పాత ఆల్బములోకి వెళ్లిపోయింది. తీసిన ప్రతిదీ చూపించమంది. చూసి తీసెయ్యమంది. చోటు నిండితే ఒకటి చెరపడం, మళ్లీ ఒకటి తీయడం. ఏది ఉంచాలో ఏది చెరపాలో చూసుకోవడంలోనే సగం పూట పోయింది.

"కాస్త నవ్వక్కా."

"నువ్వు కాలవ సర్వేకి వచ్చినట్టు అంత దూరాన కన్ను మూసుకుని నిలబడితే నవ్వెలా వస్తుందిరా? నాకు గట్టు తవ్వేస్తావేమోనని భయమేస్తోంది."

ఆ మాట అంటున్నప్పుడు అచ్చంగా నవ్వింది. నేను మీట నొక్కాను. మెమరీ నిండిందని పడింది. ఇంకోటి చెరిపేలోపల ఆ నవ్వు వెళ్లిపోయింది. తరవాత దవడ సలుపుతోందని లోపలికి వెళ్లి పడుకుంది.

అప్పుడు నాకు రెండు విషయాలు అర్థమయ్యాయి. ఏడెనిమిది ఫోటోల చోటులో అక్క నవ్వు దొరకదు. ఇది తీయనా అది చెరపనా అని లెక్కచూసుకోకుండా తీస్తూ పోవాలి. దానికి కార్డు కావాలి. రెండోది, నా ఎదురుగా కూర్చుని అక్క నవ్వదు. ఆదివారం ఆరాధన అయ్యాక ఎలాగూ గూడెం వెళ్లి పిల్లని చూసి రావాలనుకున్నాం. పిల్ల ఒళ్లో ఉంటే అక్కని ఎవరూ నవ్వమని అడగక్కర్లేదు. కాబట్టి ఆదివారానికల్లా కార్డు ఉండి తీరాలి.

శనివారం మధ్యాహ్నం కూర్చుని, కెమెరా కింద మూత తెరిచి, కార్డు పట్టే సందుని స్కేలుతో కొలిచాను. ట్రేసింగు కాగితం మీద ఉన్నది ఉన్నట్టుగా గీశాను. పొడవు, వెడల్పు, మందం, ఒక మూల కొంచెం కోసినట్టు ఉండే వాలు, అన్నీ వేశాను. పక్కన కెమెరా మీది అక్షరాలు కూడా రాసుకున్నాను.

"చెప్పుల షాపుకి పాదం కొలత పట్టుకెళ్లినట్టు అదేంటండీ? కెమెరానే తీసుకెళ్లచ్చుగా" అంది మా ఆవిడ.

"వంతెన కట్టాలంటే కాలవని ఆఫీసుకి తీసుకెళ్తామా? డ్రాయింగు ఉంటే చాలు" అన్నాను. నిజంగానే అలా అనుకున్నాను. నలభై ఏళ్లు నా డ్రాయింగులు చూసే వంతెనలు కట్టారు.

పవర్‌పేటలో సెల్‌ఫోన్లూ కంప్యూటరు సామానూ అమ్మే ఒక కొట్టుకి వెళ్లాను. కొట్టాయన కాగితం విప్పి అటూ ఇటూ తిప్పాడు.

"ఏవండీ, ఇది సైటు ప్లానండీ?"

"మెమరీ కార్డండీ. దీనికి సరిపోయేది కావాలి."

ఆయన నవ్వు ఆపుకుని, గాజుపెట్టె లోంచి ఒక కార్డు తీసి నా డ్రాయింగు మీద పెట్టాడు. నాలుగు వైపులా గీత మీద గీత కూర్చుంది. కోసిన మూల కూడా కలిసింది. నాకు మహా తృప్తి కలిగింది.

"అబ్బో, అచ్చు గుద్దినట్టుందండీ. సైజులు మాత్రం చాలా ఉన్నాయి. ఎన్ని ఫోటోలు తీస్తారండీ మీరు?"

"ఒక్కటే."

"ఒక్క ఫోటోకి కార్డెందుకండీ?"

"ఆ ఒక్కటీ వచ్చేదాకా తీస్తూ ఉండాలండి."

ఆయన ఒక్క క్షణం నా మొహం చూశాడు. "అయితే నాలుగు జీబీ తీసుకోండి మాస్టారూ. ఇంతకన్నా పెద్దది నా దగ్గర లేదు. మీ పెళ్లి మళ్లీ మొదటినుంచీ చేసుకున్నా ఇందులో పడుతుందండీ."

అంత చోటు నాకు నచ్చింది. అక్క ఎన్నిసార్లు మొహం బిగించుకున్నా నిండదు. సంతోషంగా ఇంటికి వచ్చి కార్డు సందులో పెట్టాను. టిక్కుమని కూర్చుంది. కెమెరా ఆన్ చేశాను. కార్డులో లోపం అని ఎర్రక్షరాలు పడ్డాయి.

తీసి మెత్తటి గుడ్డతో తుడిచి పెట్టాను. మళ్లీ అదే. తిప్పి పెడదామంటే పట్టదు. అమ్మాయికి ఫోను చేస్తే డ్యూటీలో ఉండి ఎత్తలేదు. కొట్టుకి పరుగెత్తేసరికి షట్టరు దింపేసి ఉంది. మర్నాడు ఆదివారం, అది తెరవరు.

"ఏమైందిరా?" అంది అక్క గుమ్మంలోంచి.

"ఏం లేదు. సరిచేస్తున్నాను."

"నా మొహం చూసి వద్దంటోందా?"

మా ఆవిడ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఆదివారం ఆరాధన అవగానే ముగ్గురం పాసింజరు రైలు ఎక్కాం. కెమెరానీ, పనికిరాని కార్డునీ జేబులో పెట్టుకున్నాను. ఈసారి డ్రాయింగు తీసుకెళ్లలేదు. దారిపొడుగునా అక్క కిటికీ పక్కన కూర్చుని, చెంగు దవడకి అదిమి పట్టుకుని, కోసేసిన దాళ్వా వరి పొలాల వైపు చూస్తూ ఉంది. తాడేపల్లిగూడెంలో దిగి ఆటో ఎక్కాక, బజారులో తెరిచి ఉన్న ఒక ఫోటోల కొట్టు కనపడితే ఆపించాను.

ఆ కొట్టాయన కెమెరాని చేతిలోకి తీసుకుని కార్డు పెట్టి చూశాడు.

"ఇది కాస్త పాత మోడలండీ. ఇంత పెద్ద కార్డు చదవదు."

"కొలత సరిగ్గా సరిపోయిందండీ."

"బయట కొలత అన్నిటికీ అదేనండీ. లోపల తేడా."

"అయితే చిన్నది ఇవ్వండి."

"చిన్నవి రావడం మానేశాయండీ. అందరూ పెద్దవే అడుగుతున్నారు." ఆయన సొరుగంతా కెలికి, ఏదో కెమెరాతో ఊరికే వచ్చిన కార్డు ఒకటి తీశాడు. అరవై నాలుగు ఎంబీ. పెట్టి చూస్తే కెమెరా మారుమాట లేకుండా తీసుకుంది. నా ప్రాణం లేచి వచ్చింది. అంతలో ఆయనే ఇంకో చిక్కు చెప్పాడు.

"ఫోటో పెద్ద సైజులో పెట్టుకుంటే ఇందులో ముప్పై దాకా వస్తాయండీ. గోడకి పెట్టుకునేంత ప్రింటు వేయించుకోవచ్చు. చిన్న సైజులో పెట్టుకుంటే వందల్లో వస్తాయి. కానీ పోస్టుకార్డంత ప్రింటే బాగుంటుంది. పెద్దది వేస్తే గళ్లుగళ్లుగా కనపడుద్ది. ఏది పెట్టమంటారండీ?"

గీత మసకగా ఉన్న కాగితం ఏదీ నా బల్ల మీదినుంచి బయటికి వెళ్లలేదు. ఫోటో అంటే స్పష్టంగా ఉండాలి, పెద్దది చేసినా చెదరకూడదు. ఉన్న మొహాన్ని ఆఖరిసారి తీస్తూ మసక దానికి ఎలా ఒప్పుకోవడం? కానీ ముప్పై ఫోటోలు అక్క దగ్గర ఎంతసేపు నిలుస్తాయి? నిన్నగాక మొన్న పెరట్లో చూశాను. మెమరీ నిండిందన్న మాట మళ్లీ ఆ నవ్వు మధ్యలో పడితే ఇంక ఆదివారం ఉండదు.

ఆటో దగ్గరికి వెళ్లాను. అక్క ఎండకి కళ్లు చిట్లించుకుని కూర్చుంది.

"అక్కా, ఫోటో గోడకి పెట్టేంత పెద్దది కావాలా?"

"గోడకెందుకురా? గోడకి పోయినవాళ్ల ఫోటోలు పెట్టి దండ వేస్తారు. పిల్ల చేత్తో పట్టుకు చూసుకునేంత ఉంటే చాలు."

తిరిగి వెళ్లి చిన్న సైజులోనే పెట్టమన్నాను.

మేనకోడలి ఇల్లు మార్కెట్టు యార్డు వెనక వీధిలో. మేం వెళ్లేసరికి పిల్ల అప్పుడే నిద్ర లేచి చిరాగ్గా ఉంది. అక్క చాప మీద కూలబడి దాన్ని ఒళ్లో వేసుకుంది. నేను వాళ్లకి ఎదురుగా కాకుండా పక్కన చిన్న ముక్కాలిపీట మీద కూర్చున్నాను. కెమెరా కంటికి ఆనించకుండా మోకాలి మీద పెట్టుకుని, కాఫీ తాగుతూ, మేనకోడలితో రైలు సంగతులు మాట్లాడుతూ, వేలు మాత్రం మీట మీదినుంచి తీయకుండా నొక్కుతూ ఉన్నాను. ఏది ఎలా వచ్చిందో చూడలేదు. ఒక్కటీ చెరపలేదు.

"మావయ్యా, అలా గుడ్డిగా తీస్తే ఏం వస్తాయి?" అని మేనకోడలు గుసగుసగా అడిగింది.

"ఊరుకోవే, మీ అమ్మ వింటుంది."

పిల్లలతో అక్క ఆడే ఆట ఒకటి ఉంది. లంకల్లో పిల్లలందరితో ఆడేది. తను కొర్రమీను అన్నమాట. రెప్ప వెయ్యకుండా, మెల్లగా నోరు తెరుచుకుంటూ వస్తుంది. పిల్ల చెయ్యి దగ్గరికి వచ్చాక గభాలున వేళ్లు పెదవులతో పట్టుకుని "గుటుక్" అంటుంది. ఆ రోజు నొప్పి ఉన్నా మొదలుపెట్టింది. పిల్లకి మొదటిసారి అర్థం కాలేదు. రెండోసారి కిలకిలమంది. మూడోసారి కొర్రమీను రాకముందే తనే గుప్పిట తీసుకెళ్లి అమ్మమ్మ నోట్లో దూర్చేసింది. కింది పెదవి పట్టుకుని ముందుకి లాగింది.

"అయ్యయ్యో, చేపే దొరికిపోయింది" అంది మా ఆవిడ.

అక్క భుజాలు కదలడం నేను చూశాను. వేలితో మీట నొక్కుతూనే ఉన్నాను.

పిల్ల పాలకి ఏడ్చాక మేనకోడలు దాన్ని తీసుకెళ్లింది. అప్పుడు కెమెరా తెర మీద మొదటినుంచీ చూశాం. గోడలు, చాప అంచులు, తల తెగిపోయిన అక్క, మా ఆవిడ మోచెయ్యి, ఫ్యాను నీడ. అక్క ఒక్కటి కూడా తీసెయ్యమనలేదు, నవ్వుకుంటూ చూస్తోంది. చాలా దూరం వెళ్లాక ఒకటి వచ్చింది. ఫోటో కాస్త ఒరిగిపోయి ఉంది. ఒళ్లో ఉన్న పిల్ల చెయ్యి కదిలి మసకగా ఉంది. దాని వెనక అక్క మొహం. దవడ ఎడమకి జారి, కళ్లు సగం మూతపడి, ఎర్రటి పళ్లన్నీ కనపడుతూ, చప్పుడు ఇంకా బయటికి రాకముందు.

అక్క కెమెరాని దూరంగా పెట్టి చూసింది, దగ్గరికి తెచ్చి చూసింది.

"నేను నవ్వితే ఇలా ఉంటానా?" అంది.

"ఎప్పుడూ అలాగే ఉంటావమ్మా" అంది మేనకోడలు లోపలినుంచి వస్తూ. ఆ మాట అని మళ్లీ లోపలికి వెళ్లిపోయింది.

వెనక్కి వచ్చేటప్పుడు అదే కొట్లో పోస్టుకార్డు సైజులో రెండు ప్రింట్లు వేయించాను. ఒకటి కొట్టుదాకా మాతో వచ్చిన మేనకోడలికి ఇచ్చి పంపాను. రెండోది అక్క తన సంచిలో, చర్చికి తీసుకెళ్లే పాటల పుస్తకంలో పెట్టుకుంది. ఆసుపత్రిలో ఆపరేషనుకి తీసుకెళ్లేముందు ఒకసారి తీసి నర్సుకి చూపించింది. "ఇలా కుట్టండమ్మా" అంది. నర్సు ఫోటో చూసి నా వైపు చూసింది.

ప్రాణానికి భయం లేదన్న డాక్టరు మాట నిలబడింది. మొహం మాత్రం అక్క చెప్పినట్టే అయింది. ఎడమవైపు లోపలికి పోయింది, మూతి అటు లాగేసింది. మాట ముద్దగా వచ్చేది. కొన్ని నెలలు మెత్తటి జావ తప్ప తినలేదు. కోలుకునేదాకా మేనకోడలు గూడెంలోనే ఉంచుకుంది. పిల్ల దగ్గరికి రావడం, ఒళ్లో పడుకోవడం అంతా మామూలుగానే ఉండేది. అయినా అక్కకి లోపల బెంగ పోలేదు. "ఇప్పుడు దానికేం తెలుసురా. ఎవరు ఎత్తుకుంటే వాళ్లే. ఊహ తెలిశాక చూడాలి" అనేది. తరవాత కొల్లేటికి వెళ్లిపోయింది. వాక్యం చెప్పడం ఇంకొకరికి అప్పగించి, వలలు బాగుచేసే ఆడవాళ్ల దగ్గర మాత్రం ఎప్పటిలా కూర్చునేది.

మరుసటి ఏడాది చివర్లో మా ఆవిడా నేనూ అక్కని చెకప్‌కి బెజవాడ తీసుకెళ్లి, అట్నుంచి అటే గూడెం వెళ్లాం. పిల్లకి అప్పటికి రెండేళ్లు దాటాయి. మాటలు బాగా వచ్చాయి. కొత్తవాళ్లని చూస్తే అమ్మ వెనక దాక్కోవడం కూడా వచ్చింది. నన్ను చూసి దాక్కుంది. అక్కని చూసి మాత్రం దాక్కోలేదు. కానీ దూరంగా నిలబడి మొహంలోకి చాలాసేపు చూసింది.

అక్క చాప మీద కూర్చుని సంచిలోంచి ఫోటో తీసింది. ఏం చెప్పాలో ఆమె రైలులో నాకు రెండుసార్లు చెప్పి చూసుకుంది. ఇది అమ్మమ్మ అసలు మొహం, తరవాత డాక్టరు తాతయ్య బాగుచేశాడు, భయపడకూడదు అని.

"ఇటు రా తల్లీ. ఇది ఎవరో చూడు."

పిల్ల వచ్చి ఫోటో రెండు చేతులతో పట్టుకుంది.

"అమ్మమ్మ" అంది. అదేమంత పెద్ద ప్రశ్న కాదన్నట్టు అంది. వెంటనే ఫోటోలో ఒళ్లో ఉన్న పసిపిల్ల మీద వేలు పెట్టింది. మొహం చిన్నబోయింది.

"ఈ పాప ఎవలు?"

"నువ్వేనే."

"నేను కాదు. నేను ఇక్కడ ఉన్నా." ఫోటోని అక్క మొహం దాకా ఎత్తింది. "పాపని దింపెయ్ అమ్మమ్మా."

మా ఆవిడా మేనకోడలూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. అక్క రైలులో తయారుచేసుకున్న మాటలేవీ చెప్పలేదు. ఫోటో తీసుకుని చాప మీద బోర్లా పెట్టింది.

"దింపేశాన్లే, రా" అంది.

పిల్ల ఒళ్లో ఎక్కి కూర్చుని, చేరగిలబడి, నన్ను పరీక్షగా చూడటం మొదలుపెట్టింది.